తడిమి చూసే చేతులు

చెప్పులో పాదం దూరలేదు. రెండో చెప్పూ అంతే. ఆమె గుమ్మంలోనే కూలబడి వాటిని తిరగేసి చూసింది. అరుగుదల తనదే, తెగితే వేయించిన కుట్టూ తనదే. అయినా నమ్మబుద్ధి కాలేదు.

"నా చెప్పులు ఎవరు తొడిగారే?"

"నీ చెప్పుల్లో కాలు పెట్టే ధైర్యం ఈ ఇంట్లో ఎవరికుందక్కా?" అంటూ చెల్లెలు మంచినీళ్ళు, బీపీ మాత్ర తెచ్చింది. "వాచింది నీ కాళ్ళు. రాత్రి మూడు తలగడలు ఎత్తు పెట్టుకున్నా ఆయాసపడుతూనే ఉన్నావు. మాత్ర మింగుతున్నావా అసలు?"

"నీ కళ్ళముందే కదే మింగేది!"

మింగలేదు. నాలుక కింద దాచి, చెల్లెలు అటు తిరగగానే ఉమ్మేసింది. కొన్నాళ్ళుగా ఇదే వరస. నొప్పి లేదు, జ్వరం లేదు. కనపడని జబ్బుకి జీవితాంతం మందేమిటి? డాక్టరూ మందుల షాపువాడూ కూడబలుక్కున్నారని ఆమె గట్టి నమ్మకం.

అనుమానమే ఆమెకు కూడు పెట్టింది. బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో, పని ముగించి వెళ్ళే ఆడవాళ్ళ సంచులు తడిమి పంపడం ఆమె ఉద్యోగం. చాటుగా అందరూ 'డేగ' అంటారు. ఎవరితోనూ నవ్వేది కాదు. నవ్వితే మొహమాటం, మొహమాటపడితే మోసం.

ఆ రోజు ఫ్యాక్టరీ మెట్లెక్కుతూ రెండుసార్లు ఆగింది. ఎప్పటి మెట్లే, రాత్రికి రాత్రి ఎవరో ఎత్తు పెంచినట్టున్నాయి. మధ్యాహ్నం కుర్చీలో వెనక్కి వాలితే ఊపిరాడక లేచి కూర్చుంది. ఫ్యాను వేగం తగ్గించారని కరెంటు పనివాణ్ణి కసిరింది.

సాయంత్రం వరుసలో అందరికంటే చివర బొత్తాలు కుట్టే ఆవిడ వచ్చింది. సంచి అందించబోతూ డేగ కాళ్ళు చూసి ఆగిపోయింది. వంగి, మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కి తీసింది. పడ్డ గుంట పూడలేదు.

"ఒంట్లో నీరు చేరిందక్కా. మా అమ్మకీ ఇంతే. ముందు ఆయాసం, పడుకుంటే దగ్గు. గుండె నీరసించిందన్నారు. మేమే ఆలస్యం చేశాం. పద, ఇప్పుడే ఆసుపత్రికి పోదాం."

"మాటల్లో పెట్టి... సంచి దాటించాలనా?" మాట మధ్యలోనే డేగకు ఊపిరి అందలేదు.

ఆవిడ నొచ్చుకోలేదు. రెండు బొత్తాలూ పెట్టి ఉన్న సంచిని అలాగే డేగ ఒళ్ళో పెట్టింది. "ఇదిగో, నీ దగ్గరే ఉంచుకో. తీరిగ్గా వెతుక్కో. నేను బండి పిలుచుకొస్తా."

డేగ కాలిమీది గుంటను చూసుకుంది. ఊరందరి సంచులూ తడిమిన చేత్తో తన కాలిని మెల్లగా తడుముకుంది.

"మాత్రలు ఉమ్మేశాను," అంది. ఎవరికీ చెప్పని మాట.

"ఆ మాట డాక్టరుతో చెబుదువుగాని. కదలకుండా కూర్చో తల్లీ."

బండి వచ్చేసరికి ఆమె గడ్డం ఛాతీకి ఆని ఉంది. పిలిస్తే పలకలేదు. ఇద్దరు మనుషులు ఆమెను ఎత్తి బండిలో పడుకోబెట్టారు. ఆసుపత్రి గుమ్మంలోనే డాక్టరు నాడి చూసి తల అడ్డంగా ఊపారు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర, ఖాళీ కుర్చీలో సంచి ఉండిపోయింది. దాని రెండు బొత్తాలూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.