అమావాస్య దాకా షెడ్డుకు రాని కారు

నా కూతురు రూప కాలు విరగ్గొట్టి పారిపోయిన కారును పోలీసులు ‘గుర్తు తెలియని వాహనం’ అని రాశారు. రాసి పక్కన పెట్టారు.

రూప అఫ్జల్‌గంజ్‌లో ఒక హోల్‌సేల్ కొట్లో బట్టలు కుడుతుంది. పని దిగి పురానాపూల్ దగ్గర రోడ్డు దాటుతుంటే తెల్ల కారు రాంగ్ సైడులో వచ్చి కొట్టింది. ఆగలేదు. హెడ్‌లైటు ముక్క ఒకటి రోడ్డు మీద పడింది. నేను వెళ్లి ఏరుకున్నాను. ఎస్సైకి ఇస్తే, ఉంచుకో, కారు దొరికినప్పుడు చూద్దాం అన్నాడు. పైగా, మీ అమ్మాయి జీబ్రా గీతల మీద దాటాల్సింది కదా అన్నాడు. గీతలు ఎక్కడున్నాయో వచ్చి చూపించమన్నాను. రాలేదు.

నేను పట్టుకున్న లాయరు వెంకటలక్ష్మి గుడివాడ వైపు మనిషి. ఆవిడ మాత్రం విషయం సూటిగా చెప్పింది. గీతలు లేనిచోట దాటినంత మాత్రాన నడిచే మనిషి హక్కు పోదు. కొట్టి ఆగకుండా పోవడం డ్రైవరు చేసిన ఇంకో నేరం. కారు దొరికితే యాక్సిడెంట్ల ట్రిబ్యునల్‌లో నష్టపరిహారం కేసు వేయొచ్చు. వైద్యం ఖర్చు, పోయిన జీతం, రేపు రూప కుంటితే ఆ నష్టం కూడా అడగొచ్చు. దొరక్కపోతే ప్రభుత్వం ఇచ్చే చిన్న సాయంతో సరి.

“కారు నెంబరు కావాలండీ ఆనందరావుగారూ. అది లేకుండా ఎవరి మీద వేస్తాం?” అంది.

మా ఆవిడ రాహేలు బతికుంటే ఆసుపత్రిలో తను కూర్చునేది. ఆమె చావుకు వచ్చి భోజనాలు చేసిన బంధువుల్లో ఒక్కడూ రూపను చూడ్డానికి రాలేదు. పక్క మంచం ఆమెకు రూపను అప్పజెప్పి నేను రోడ్డున పడ్డాను. పురానాపూల్ నుంచి బార్కస్ దాకా, కార్ల సొట్టలు తీసే డెంటింగ్ షెడ్లన్నీ తిరిగాను. ముందు లైటు పగిలిన తెల్ల కారు ఎక్కడికీ రాలేదు. పగిలిన లైటుతో ఎన్నాళ్లు దాస్తారు? నాకు అర్థం కాలేదు.

ఒక రోజు హోటల్ ముందు టీ తాగుతున్నాను. ఒక ఆటోవాలా దిష్టికని బండికి కట్టిన ఎండు నిమ్మకాయలు తీసేస్తున్నాడు. కొత్తవి కట్టవా అని ఊరికే అడిగాను. రేపు అమావాస్య కదా, రేపే కడతానన్నాడు.

గ్లాసు అక్కడే వదిలేసి లేచాను.

నేను ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేశాను. మనిషిని గుద్దిన బస్సును డ్రైవర్లు నేరుగా మా చేతికి ఇచ్చేవారు కాదు. ముందు అమావాస్య నాడు గుమ్మడికాయ కొట్టాలి, దిష్టి పోవాలి, తర్వాతే స్పానరు పడాలి. పై అధికారి అరిచినా వినేవారు కాదు. ఆ కారు షెడ్డుకు రాకపోవడానికి కారణం పోలీసుల భయం కాదు. అమావాస్య రాలేదు, అంతే. రూపను రోడ్డు మీద వదిలేసినవాళ్లు బండి దిష్టిని మాత్రం వదలరు.

తెల్లారగానే మూసీ ఒడ్డున, ఈ చుట్టుపక్కల బండ్లన్నీ దిష్టి తీయించుకునే మైసమ్మ గుడి దగ్గరికి పోయాను. అప్పటికే ఆటోలు, కార్లు వరుస కట్టాయి. గుమ్మడికాయలు అమ్మే ఆగమ్మ నాకు డిపో రోజుల నుంచి తెలుసు.

“ఏంది తమ్ముడూ, ఏసయ్య ఛుట్టీ ఇచ్చిండా? మైసమ్మ కాడికొచ్చినవ్,” అంది.

సంగతి చెప్పాను. ఆమె నవ్వు ఆగిపోయింది. తన గొడుగు కింద చోటిచ్చి, ఎవరు ఏ బండికి కాయ కొంటున్నారో నాకు వినబడేలా అడగడం మొదలుపెట్టింది.

ఆటోలు పోయాయి. ఒక నల్ల కారు, ఒక ట్రాలీ పోయాయి. ఎండ నెత్తికెక్కింది. అప్పుడొచ్చింది తెల్ల కారు. ముందువైపు ఎడమ మూల మీద టవలు కప్పి ఉంది. డ్రైవరు పక్క సీట్లోంచి పట్టుచీర కట్టిన పెద్దామె దిగింది. పెద్ద కాయ అడిగింది. బండికి ఏమైందని ఆగమ్మ అడిగితే, గేటుకు తగిలిందంది.

గొడుగు కింద నుంచి లేచాను. పూజారి టవలు తీసి పసుపు రాయబోయాడు. లైటు పగిలి ఉంది. జేబులో ముక్క నా వేళ్లకు గుచ్చుకుంటోంది. పరుగెత్తి అతికించి చూడాలనిపించింది. కానీ ఆ ముక్కను మీరు పెట్టొద్దు, నలుగురి ముందు పోలీసు పెట్టాలి అని వెంకటలక్ష్మి గట్టిగా చెప్పింది. పళ్లు బిగబట్టి పోలీసుల వంద నెంబరుకు ఫోన్ చేశాను.

టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. వాటిని తొక్కించి కారు వెళ్లిపోతుంది. పోలీసులు ఇంకా రాలేదు. నేను వెళ్లి బానెట్ ముందు నిలబడ్డాను.

డ్రైవింగ్ సీట్లో ఉన్నవాడు ప్రేమ్‌రాజ్. పేరు తర్వాత తెలిసింది. హారన్ కొట్టాడు. కదల్లేదు. ఇంజన్ గుర్రుమనిపించాడు. కారు నా మోకాళ్లకు తగిలి ఆగింది.

“బాపూ, జర జరుగు. పూజ నడుస్తుంది.”

“పురానాపూల్ కాడ నా బిడ్డను గుద్దినవ్. దిగు.”

వాడి ముఖం పాలిపోయింది. వెనక్కి తిప్పుదామని చూశాడు. ఆగమ్మ గుమ్మడికాయల బండిని తోసుకొచ్చి కారు వెనక అడ్డం పెట్టింది. ఆటోవాళ్లు మూగారు. లొల్లి పెరిగింది. ప్రేమ్‌రాజ్ దిగి నా భుజం మీద చెయ్యేశాడు.

“అన్నా, కేసులెందుకు? ఆస్పత్రి ఖర్చు నేను చూస్కుంట. కూసొని రాజీ చేస్కుందాం.”

“కూసునేది కోర్టుల.”

అతని తల్లి ఏడ్చింది. కొడుకు చెడ్డవాడు కాదంది, భయపడ్డాడంది. మీ బిడ్డ పేరు చెప్పు, ఆమె పేరు మీద కూడా ఒక కాయ కొట్టిస్తానంది.

“చెప్త. రూప. పోలీసోళ్లకు చెప్పేటప్పుడు గా పేరు మర్వకు,” అన్నాను.

కానిస్టేబుల్ డానియేలు బండి మీద వచ్చాడు. ముక్క అతని చేతికిచ్చాను. మోకాళ్ల మీద కూర్చుని పగిలినచోట పెట్టాడు. అంచులు కలిశాయి. ఆటోవాళ్లు ఈలలు వేశారు. డానియేలు ఫోన్‌లో ఫొటోలు తీసుకుని, నెంబరు పైకి చదివి స్టేషన్‌కు చెప్పాడు. ఆ నెంబరు నా అరచేతిలో రాసుకున్నాను. వెంటనే వెంకటలక్ష్మికి ఫోన్ చేసి చెప్పాను. ఈ నెంబరు ఎఫ్‌ఐఆర్‌లో ఎక్కేదాకా స్టేషన్ వదలొద్దంది.

కారును లాక్కుపోవడానికి క్రేన్ వచ్చింది. నన్ను తన బండెక్కమని డానియేలు పిలిచాడు. ఎక్కలేదు. ఆ కారు నా కళ్ల ముందు నుంచి కదలకూడదు. ట్రాఫిక్‌లో మెల్లగా పోతున్న క్రేన్ వెనకే రోడ్డు మధ్యన నడిచాను. నా వెనక బండ్లు హారన్లు కొట్టాయి. ఎవడో బూతు తిట్టాడు.

స్టేషన్ దాకా పక్కకు జరగలేదు.