కుడికి లాగే బండ్లు

ఆయన్ని అందరూ తక్కెడ అని పిలిచేవారు. ఆ పేరు పెట్టింది బావమరిదే. చొక్కా గుడ్డ కొనడానికి వెళ్ళి గీతలదా గళ్ళదా అని ఆయన తూచుకుంటూ నిలబడితే, అది తేలేలోపు దర్జీకి పెళ్ళయి, పిల్లలు పుట్టి, ఆ పిల్లలు కత్తెర పట్టారట. బావమరిది మాటల్లో సగం కోసి పారేసినా మిగతా సగం నిజమే.

అలాంటి మనిషి మోటారుసైకిల్ కొనాలనుకుని ఆరేళ్ళయింది. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని ఆయనది. రోజూ రెండు బస్సులు మారాలి. ఆ రాకపోకలకి చిన్నబండి చాలు. సందుల్లో దూరుతుంది, పెట్రోలు వాసన చూస్తే చాలు నడుస్తుంది. కానీ ఆదివారం ఒకటి ఏడిచింది కదా! ఊరు దాటితే కొండదారి. వెనక భార్యని కూర్చోబెట్టుకుని ఆ మెలికలన్నీ తిరిగి పైదాకా వెళ్ళాలని ఆయన కోరిక. తనకోసం ఇంకేదీ కోరుకున్న గుర్తు లేదు. దానికి పెద్దబండి కావాలి.

"చిన్నదైతే కొండ ఎక్కలేదు, పెద్దదైతే సందులో తిరగదు," అనేవాడు రోజూ సాయంత్రం ఇంట్లో అడుగుపెడుతూ.

"ఇంతకీ తేలిందా?" అనేది భార్య. "మీరు తేల్చేనాటికి నాకు బండెక్కే ఓపిక ఉండదు. బుట్టలో పెట్టి మోసుకెళ్ళాలి."

"తొందరపడితే ఎలాగే?"

"అబ్బే, తొందరెవరికి? ఆరేళ్ళేగా!"

చెప్పులు విడుస్తూ ఆయన గుమ్మం పక్కనున్న ముక్కాలిపీటని తన్నుకునేవాడు. "ఈ పీటకి కాళ్ళొచ్చాయి. నిన్న ఇక్కడ లేదు!"

"కాళ్ళు మొదట్నించీ మూడున్నాయి. ఉన్నచోటే ఉంది."

చివరికి బావమరిదికే విసుగు పుట్టింది. అతను బండ్లు బాగుచేసే మెకానిక్. ఓ ఆదివారం పొద్దున బావ రెక్క పట్టుకుని షోరూముకి లాక్కెళ్ళాడు. వెనక ఆవరణలో రంగు ప్లాస్టిక్ గుంజలు రెండు వరుసలుగా నిలబెట్టి, మధ్యలోంచి నడిపి చూసుకోమన్నారు. బావ ముందు చిన్నబండి ఎక్కాడు. కుడివైపు గుంజలు నాలుగు పడ్డాయి.

"ఇది కుడికి లాగుతోందిరా," అంటూ దిగాడు.

తర్వాత పెద్దబండి. ఈసారి అయిదు పడ్డాయి. "ఇదీ కుడికే లాగుతోంది. తయారీలోనే తేడా ఉంది."

బావమరిది రెండూ ఎక్కి చూశాడు. ఒక్క గుంజా కదల్లేదు. నవ్వబోయి, బావ మొహం చూసి ఆగిపోయాడు. "రెండు కొత్త బండ్లూ కుడికే లాగుతాయా బావా?"

"అంటే నా చూపంటావా? ఒరేయ్, ఇరవై రెండేళ్ళుగా రోజూ దుకాణం తెరవగానే అక్షరాల పట్టీ తుడిచి, ఎదురుగా నిలబడి, ఒక్కో కన్నూ మూసి చదువుతాను. కింది వరుసతో సహా!"

"అయితే రేపు కళ్ళ డాక్టరు దగ్గర చదువు. నేనూ వింటాను."

మర్నాడు డాక్టరమ్మ ఎడమకన్ను మూయించి, కింది వరుస చదవమంది. తక్కెడ ఈ ఒక్క విషయంలో తూచుకోలేదు. గడగడా ఎనిమిది అక్షరాలు అప్పజెప్పి, ఎలా ఉందన్నట్టు బావమరిది వైపు తిరిగాడు. బావమరిది తల దించుకున్నాడు.

"అయ్యా," అంది డాక్టరమ్మ మెల్లగా, "ఈ పట్టీలో అక్షరాల్లేవు. అన్నీ అంకెలే."

అంటే ఆయన దుకాణంలోనూ ఎప్పుడో చదవడం మానేశాడన్నమాట. పొద్దున్నే నాలుక ఆ వరుస వల్లిస్తుంటే కన్ను చదువుతోందనుకున్నాడు.

"మంచి అద్దాలు నేనే అరగదీసుకుంటాను. నంబరు రాసివ్వండి చాలు."

"నంబరుతో పోయేది కాదండీ. కంటి నరం ఎండిపోయింది. కుడికన్ను దాదాపు అయిపోయింది, ఎడమదీ మొదలైంది. మందులతో ఉన్నది కొన్నాళ్ళు కాపాడుకుందాం. బండి మాత్రం ఇక ముట్టుకోకండి."

తిరుగు బస్సు దిగేముందు ఆయన అన్నాడు, "మీ అక్కకి చెప్పకు."

"చెప్పను బావా." ఇన్నేళ్ళలో బావమరిది అంత తక్కువ మాటలతో ఊరుకోవడం అదే మొదలు.

ఇంటికొచ్చి ఆయన గుమ్మం దగ్గర అలవాటుగా కాలు జాగ్రత్తపడ్డాడు. ఏమీ తగల్లేదు. తడిమి చూస్తే పీట లేదు. గోడ వారగా, దూరంగా జరిగి ఉంది. ఈమధ్య చాలా రోజులుగా అది తగలడమే లేదని అప్పుడు గుర్తొచ్చింది. నీళ్ళచెంబు కూడా కొన్నాళ్ళుగా ఎడమచేతివైపే ఉంటోంది.

భార్య అన్నం పెట్టింది. తేలిందా అని అడగలేదు. ఆయనే గొంతు సవరించుకున్నాడు.

"రెండూ నడిపి చూశానే. చిన్నదేమో తేలిక. పెద్దదేమో..."

"నిదానంగా ఆలోచించుకోండి," అంది ఆమె. "తొందరేముంది?"

ఆరేళ్ళలో ఆమె ఆ మాట వెటకారం లేకుండా అనడం అదే మొదటిసారి. ఆయన నీళ్ళకోసం చెయ్యి చాపాడు. నీళ్ళచెంబు చేతికి తనంతట తనే వచ్చి తగిలింది.

"రంగు కూడా చూడాలి కదా," అన్నాడు చెంబు దించి. "ఎరుపా, నలుపా అని."

"అవును," అందామె, ఆయన పళ్ళెంలో మెతుకులు దగ్గరికి తోస్తూ, "అదీ ఉంది."