అమ్మ నోటికి అడ్డం పెట్టిన అట్ట

కరెంటు పోయింది. కొత్తవాడలోని ఆ ఇంటి ముందు గదిలో పవర్‌లూమ్ సాంచాలు రెండూ ఒక్కసారే ఆగిపోయాయి. ఉమాకాంత్ చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. నవనీత ఈ ఆదివారమంతా ఇందుకోసమే కాచుకుని ఉంది. మొగుడి ముందు కూతురు పూజ చేత అక్షరాలు గుర్తుపట్టించి చూపించాలి. లేకపోతే తెల్లారి నుంచే పిల్లను ట్యూషన్‌కు పంపిస్తానని అతను ఖరాఖండిగా చెప్పేశాడు. ఆ ట్యూషన్ టీచర్ స్కేలు లేనిదే చదువు చెప్పదు.

నాలుగేళ్ల పసిదానికి స్కేలు దెబ్బలా? నవనీతకు ఆ మాటకే ఒళ్లు మండింది. ఫోన్లో మాంటిస్సోరి వీడియోలు చూసి, గరుకు కాగితంతో ఇంగ్లీషు అక్షరాలు కత్తిరించి, పాత పెళ్లిపత్రికల మీద అంటించింది. ఎస్ అక్షరాన్ని ‘ఎస్’ అనకూడదు, ‘స్స్’ అనాలి. పిల్ల వేలితో దాన్ని తడుముతూ ఆ శబ్దం పలకాలి. చాప మీద ఎదురెదురుగా కూర్చుని చెబితే పూజ ఇట్టే పట్టేసేది. తల్లి మురిసిపోయేది.

ఇవాళ మాత్రం తండ్రికి బాగా కనబడాలని పిల్లను అతనికేసి తిప్పి ఒళ్లో కూర్చోబెట్టుకుంది. ముందు ఆ అక్షరాల అట్టలు కొన్ని పరిచింది.

“స్స్ ఏది బిడ్డా?”

పూజ కదల్లేదు. మళ్లీ అడిగితే ‘మ్మ్’ అట్ట తీసింది. ‘ట్’ అడిగితే ఏదో ఒకటి అందుకుంది.

“ఇదేనా నీ ఫోన్ సదువు?” అన్నాడు ఉమాకాంత్.

“అది మొండిది. పిలిస్తెనే పలుకది, సదువుతదా?” వంటింట్లోంచి అత్త భాగ్యమ్మ అందుకుంది.

నవనీతకు తల కొట్టేసినట్టయింది. ఆ ఉక్రోషంలో పిల్ల తొడ మీద ఒక్కటి వేసింది. ఏం చేసిందని కొట్టడం, పాపం! పూజ కళ్లలో నీళ్లు తిరిగాయి గాని ఏడవలేదు. గిరుక్కున తిరిగి, తల్లి చెంపలు రెండు చేతులా పట్టుకుని, నోటి వంకే చూసింది.

“మల్ల చెప్పమ్మా.”

“స్స్.”

టక్కున తీసి ఇచ్చింది. “ట్” అంటే అదీ ఇచ్చింది.

నవనీతకు ఏదో అనుమానం తగిలింది. ఒక అట్ట తీసి నోటికి అడ్డం పెట్టుకుని “ఫ్” అంది. పిల్ల కింద ఉన్న అక్షరాలు చూడలేదు. చెయ్యి చాపి ఆ అట్టను కిందికి లాగింది. మళ్లీ పెడితే మళ్లీ లాగింది.

“ఏం ఆటనే అది?” అన్నాడు ఉమాకాంత్.

“ఆట కాదు. జర దీని ఎనక నుంచే పిలువుండ్రి. మెల్లగ.”

“పూజా,” అన్నాడు అతను. ఇంకొంచెం గట్టిగా “పూజా!” అన్నాడు. పిల్ల తల్లి జాకెట్టు గుండీతో ఆడుకుంటూనే ఉంది.

“ఎహె, మన ఇంట్ల ఎవలకు ఇనబడ్తది? సాంచాల సప్పుడుకు అందరం మూతులు జూసే మాట్లాడుకుంటం గద,” అని నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. సాంచాలు ఆగే ఉన్నాయి. పక్కింటి కుక్కరు కూత కూడా స్పష్టంగా వినబడుతోంది.

భాగ్యమ్మ తడి చేతులతో గడపలో నిలబడిపోయింది. “అయ్యో నా తల్లీ! పలుకుతలేదని ఎన్నిసార్లు గిచ్చిన్నో,” అంటూ అక్కడే కూలబడింది.

కరెంటు వచ్చింది, బల్బు వెలిగింది. ఉమాకాంత్ అలవాటుగా ముందు గది వైపు రెండడుగులు వేసి ఆగిపోయాడు. నవనీతకు కొట్టిన చెయ్యి నరుక్కోవాలన్నంత బాధ కలిగింది. కానీ ఇప్పుడు ఏడిస్తే పిల్ల బెదిరిపోతుంది. అందుకే సాంచాల మధ్య మాట్లాడుకునే తీరున, గొంతు రానీయకుండా, పెదాలు మాత్రం కదిలిస్తూ మొగుడికి చెప్పింది.

‘రేపు దవాఖానకు తీస్కపోదాం.’

అతను సరేనన్నట్టు తలూపాడు.

ఒళ్లోంచి తల్లి పెదాలే చూస్తున్న పూజ ఆమె మెడను గట్టిగా వాటేసుకుంది.

“దవాఖాన వద్దమ్మా,” అంది. “సూది ఏస్తరు.”