రాలిన పేర్లు

కంటి ఆసుపత్రి తలుపులు తీసేది ఎనిమిదింటికి. అంతకు గంట ముందే డబ్బాలక్క వచ్చి పేర్ల కౌంటరు కింద ఊడ్చేది. అక్కడ దుమ్ము కంటే అక్షరాలే ఎక్కువ. రోగుల పేర్లు కంప్యూటర్లో కొడుతుంటే దానికి పట్టని అక్షరాలు వెనకవైపు నుంచి నేల మీదికి రాలేవి. నువ్వుగింజంత ఉండి, చీపురు కింద గరగరమనేవి. ఆమె వాటిని ఖాళీ మందు డబ్బాలోకి ఎత్తి, క్యాలెండరులో ముందురోజు కాగితం చింపి మూత మీద అంటించి, మెట్ల కింద గదిలో పెట్టేది. అందుకే ఆమెకా పేరు.

మొదటి డబ్బా ఆమె మొగుడిది. మూడేళ్ళ కిందట అతనికి నీటికాసులని, చూపు మెల్లగా హరించే జబ్బని తేలితే తనే చెయ్యి పట్టుకుని కౌంటరు దగ్గరికి తీసుకొచ్చింది. గుమాస్తా పేరు కొట్టాడు. ఐదక్షరాలూ ఆమె కాళ్ళ దగ్గర రాలాయి.

"అయ్యా, పేరు పడిపోయింది" అంది.

"రోజూ పడేవేగా, ఊడ్చెయ్" అన్నాడు గుమాస్తా.

లోపల మిగిలింది ఐదు ప్రశ్నార్థకాలు. ఐదక్షరాల పేరున్న వాళ్ళందరికీ అవే ఐదు. వాళ్ళలో ఎవరికో ఆపరేషన్ అయింది. ఇక ఇతని వంతు వచ్చినప్పుడల్లా "మీకు అయిపోయిందిగా" అని తిప్పి పంపారు. ఒకసారి కాదు, నాలుగుసార్లు. ఆ తర్వాత చెయ్యడానికి కళ్ళే మిగల్లేదు. లారీలు విప్పి బిగించిన మనిషి ఇప్పుడు గోడ పట్టుకుని స్నానాలగదికి వెళ్తున్నాడు. ఒళ్ళు మండదా మరి?

ఈసారి ఒక దర్జీ వంతొచ్చింది. అదే జబ్బు. ఒక కన్ను ఎప్పుడో పోయింది, రెండోది నెల కూడా ఆగదన్నారు. నీటికాసుల సర్జన్ రెండు నెలలకోసారి వచ్చి పదిమందికే చేస్తాడు. రేపే వస్తున్నాడు.

"మీకు అయిపోయిందిగా" అన్నాడు గుమాస్తా.

"ఎవడికయింది? నాకా? నా కన్ను చూసి చెప్పు!" దర్జీ బల్ల మీద గుద్దాడు.

"నాకేం తెలుసు పెద్దాయనా, కంప్యూటర్ చెప్తోంది. కావాలంటే కొత్తగా రాయించుకోండి. ఎనిమిది నెలలకి వంతొస్తుంది."

"రాయించుకుని ఎనిమిది నెలలయిందయ్యా!"

ఆ అరుపు విని లోపల్నుంచి ఇంజనీరమ్మ వచ్చింది. పాత డేటాబేసులోవన్నీ కొత్తదానిలోకి మార్చడానికి ఆ వారమే చేరిన పిల్ల. సంగతంతా విని నేరుగా పెద్దసారు గదిలోకి వెళ్ళింది. ఆసుపత్రి మొత్తానికి ఆయనదే పెత్తనం.

"సార్, కంప్యూటరుకి ఏ అక్షరాలు పట్టాలో చెప్పే ఈ పట్టిక ఎవరు ఎంచారు?"

"నేనే. ఇంగ్లీషు ఒక్కటే చాలన్నాను. చోటు కలిసొస్తుంది."

"పని చేస్తుందో లేదో చూడలేదా?"

"చూడకపోవడమేం? నా పేరే కొట్టి చూశాను. చక్కగా వచ్చింది."

"ఏ అక్షరాల్లో కొట్టారు?"

"ఇంగ్లీషులో."

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. "కొత్తదానికి అన్ని భాషలూ పట్టే పట్టిక పెట్టాను సార్. అయినా పేర్లు రాలుతూనే ఉన్నాయి. కౌంటరు మిషన్లు ఇంకా మీ పాత పట్టికనే పట్టుకుని కూర్చున్నాయి. పంపే చోటా, దాచుకునే చోటా రెండింటినీ సరిచెయ్యాలి."

"నడుస్తున్నదాన్ని ముట్టుకోకు."

"నడవట్లేదు సార్! మనుషుల కళ్ళు పోతున్నాయి!"

పెద్దసారు ఫైలు తెరిచి సంతకాలు పెట్టుకోసాగాడు. ఆమె ఇక అనుమతి అడగలేదు. కౌంటరు దగ్గరికొచ్చి, గుమాస్తాని లేపి, ఒక్కో మిషన్నూ సరిచేసింది. ఆ తర్వాత కొట్టిన పేరులోంచి ఒక్క అక్షరమూ రాలలేదు.

"కొత్తవి సరే. మరి పాతవి?" అని తలపట్టుకుంది. "తారీఖులున్నాయి, పేర్లు లేవు. ప్రశ్నార్థకాన్ని ఎందులోకి మార్చినా ప్రశ్నార్థకమే. ఇన్ని ప్రశ్నార్థకాల వరసల్లో ఈ పెద్దాయనది ఏదని చెప్పను?"

పక్కనే నేల తుడుస్తున్న డబ్బాలక్క తలెత్తింది. "ఏ తారీఖుది కావాలమ్మా?"

ఇద్దరూ కలిసి డబ్బాలన్నీ మోసుకొచ్చారు. మూతలు తియ్యగానే అక్షరాలు బారు కట్టి బల్ల కోళ్ళ మీదుగా పాకి, మిషన్ వెనక నుంచి ఏ తారీఖువి ఆ తారీఖులోకి వెళ్ళిపోయాయి. గుమాస్తా వాటికి అడ్డం లేకుండా కాళ్ళు పైకి పెట్టుకుని టీ తాగాడు. సాయంత్రానికి డబ్బాలన్నీ ఖాళీ.

పొద్దున్నే గోడకి జాబితా అంటించారు. ఆపరేషన్ కానివాళ్ళలో ముందు రాయించుకున్నవాళ్ళు ముందు. దర్జీ పదకొండోవాడు. పదిమందిలో మొట్టమొదటి పేరు డబ్బాలక్క మొగుడిది.

దర్జీ అక్కడే కూలబడ్డాడు. ఇంజనీరమ్మ డబ్బాలక్క దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "అక్కా, మీ ఆయనకి ఇంక ఆపరేషన్ చేసినా... ఆ పేరు తీసేస్తాను. ఆ వంతు ఈయనకి వస్తుంది."

"తియ్యకు!" డబ్బాలక్క కసిరింది. "మూడేళ్ళు తీసేసింది చాలదా? మూడుసార్లు పిలిచినా పలక్కపోతే వంతు తర్వాతవాళ్ళదే కదా. అలాగే పోనీ. కానీ పిలవాలి. పెద్దసారు వినేలా పిలవాలి."

వెళ్ళి ఆయన గది తలుపు బార్లా తీసి, చీపురుతో గుమ్మంలో నిలబడింది. "రండి సార్."

గుమాస్తా మైకులో ఆ పేరు పిలిచాడు. ఐదక్షరాలూ హాలంతా వినిపించాయి. ఎవరూ లేవలేదు. రెండోసారి పిలిచాడు.

"రాలేదేం?" అన్నాడు పెద్దసారు చిరాగ్గా.

"గోడ పట్టుకుని రావాలి కద సార్. టైం పడుతుంది."

 మూడోసారి పిలుస్తున్నప్పుడు ఆయన తలవంచుకుని నేలకేసి చూశాడు. నేల మీద ఏమీ లేదు, శుభ్రంగా ఉంది.

గుమాస్తా మిగతా తొమ్మిదిమందినీ పిలిచి లోపలికి పంపి, పదకొండో పేరు పిలిచాడు.

"ఉన్నాను!" దర్జీ అరిచి, లేవబోయి కుర్చీకి తట్టుకున్నాడు.

డబ్బాలక్క చీపురు పెద్దసారు గుమ్మానికి ఆనించి వెళ్ళి, దర్జీ చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది.