ఆడవాళ్ల పక్క మైకు

రాజోలు దగ్గర ఒక ఊరి చర్చిలో ఆడవాళ్లు ఎడమపక్క చాపల మీద, మగవాళ్లు కుడిపక్క చాపల మీద కూర్చుంటారు. ఆడవాళ్ల పక్క పాట ఎత్తుకోవడం దానమ్మ పని. పెళ్లయి ఆ ఊరు వచ్చిన దగ్గర్నుంచీ అంతే. పాస్టరుగారు పాట నంబరు చెప్పి పుస్తకం తిప్పుకునేలోపే ఆవిడ మొదటి ముక్క అందుకునేది. వానల్లో పెరటి గట్టు మీద కాలు జారి తుంటి విరిగాక మంచం పట్టింది. చూడ్డానికి వచ్చినవాళ్లు కాలు గురించి అడిగితే, ఇంక మనాళ్ల పక్క పాట వినపడదు అని జవాబు చెప్పింది.

ఆ పాట ఇప్పుడు కోడలు విజయకుమారి ఎత్తుకుంటోంది. ఆదివారం గుడి నుంచి రాగానే అత్తగారు అన్నీ అడిగేది. ఎవరెవరు వచ్చేరు, ఏం వాక్యం చెప్పేరు, ఎవరి పిల్ల ఏడ్చింది. పాట ఊసు మాత్రం ఎత్తేది కాదు. ఇంట్లో సాయంత్రం ప్రార్థనలో కూడా గోడవైపు తిరిగి పెదవి కదపకుండా పడుకునేది. ఒక్కసారి తన పాట ఆవిడ చెవిన పడాలి, బాగుందనో బాగాలేదనో ఏదో ఒకటి అనాలి. విజయకుమారికి ఇదే కోరికగా ఉండేది.

ఆ ఏడు మరిది పాపారావు మస్కట్ నుంచి సెలవు మీద వచ్చి, రాజోలులో అత్తారింట దిగాడు. వస్తూ రెండు స్పీకర్ల టూ ఇన్ వన్ టేపురికార్డరు తెచ్చాడు. కోతల పండుగ ఆరాధన రికార్డు చేస్తానని ఒక మైకు ఆడవాళ్ల ముందు, ఒకటి మగవాళ్ల ముందు పెట్టాడు. ఆ పక్కది ఆ స్పీకర్లోనూ ఈ పక్కది ఈ స్పీకర్లోనూ వస్తుందనీ, దీన్ని స్టీరియో అంటారనీ, కళ్లు మూసుకుంటే గుడిలో కూర్చున్నట్టే ఉంటుందనీ వదినగారికి వివరించాడు. అసలు క్యాసెట్టు తనతో తీసుకుపోతాడు. అమ్మ కోసం ఇంట్లో ఉన్న చిన్న టేపురికార్డరులోకి కాపీ తీసిస్తానన్నాడు. దానికి ఉన్నది ఒకే స్పీకరు. వెనకాల వైరు పెట్టే కన్నం కూడా ఒకటే.

కాపీ తయారయ్యాక విజయకుమారి భర్త సత్యానందం మాస్టారు దాన్ని చిన్న టేపురికార్డరుతో సహా సైకిలు మీద జాగ్రత్తగా తెచ్చాడు. సాయంత్రం అత్తగారి తలగడ పక్కన పెట్టి నొక్కారు. మగవాళ్ల పాట గది నిండిపోయింది. అందరి మీదా సత్యానందం గొంతు, ఎప్పట్లాగే తాళానికి కాస్త వెనకగా. ఆడవాళ్లు మాత్రం కాలవ అవతల ఎక్కడో పాడుకుంటున్నట్టున్నారు.

దానమ్మ చివరిదాకా విన్నది.

"మగాళ్లు బాగా పాడేరు," అంది. ఆ వెంటనే, "ఆడాళ్లు ఎవరూ రాలేదేంటమ్మా ఆ వారం?" అంది.

విజయకుమారి వంటింట్లోకి వెళ్లి కొబ్బరి కోరడం మొదలుపెట్టింది. రాకపోవడమేమిటి, ఊరంతా వచ్చింది. పాడి పాడి తన గొంతు రెండు రోజులు బొంగురుపోయింది. చిప్ప అరిగిపోయేదాకా కోరాక ఒక సంగతి తట్టింది. వినపడ్డ ఆ కాస్తా మగవాళ్ల మైకులో దూరంనుంచి పడ్డది. ఆడవాళ్ల ముందు పెట్టిన మైకు మాటేమిటి?

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి రాజోలు వెళ్లింది. పెద్ద సెట్టును వెనక్కి తిప్పి చూసింది. పక్కపక్కనే రెండు కన్నాలు. పాపారావు వైరు పెట్టింది ఒకదాంట్లోనే. రెండో దాంట్లోది ఎటు పోయిందని అడిగితే, చిన్నదానికి కన్నం ఒకటే కదా అన్నాడు. రెండిటినీ ఒకటి చేసే వైరు అమలాపురంలో చేయించాలి, తనకా రేపు సాయంత్రమే ప్రయాణం.

"వైరెందుకు?" అంది విజయకుమారి. "పెద్దదాన్ని మామూలుగా పాడనివ్వండి. చిన్నదాన్ని ఎదురుగా పెట్టి, దానిలోనే ఉన్న మైకుతో రికార్డు చేద్దాం. రెండు పక్కలూ అందులో కలుస్తాయి కదా."

"స్టీరియో కావాలని అంత దూరం నుంచి మోసుకొచ్చేనండీ. మీరు దాన్ని మళ్లీ పంచాయతీ రేడియో చేసేస్తారా వదినగారూ?"

"మీ అమ్మగారు వినేది ఆ చిన్నదాంట్లోనే. పదండి."

పాపారావు సెట్టును ఒళ్లో పెట్టుకుని రిక్షాలో వచ్చాడు. దాన్ని వసారాలో బల్ల మీద పెట్టారు. దానమ్మ మంచం ఉన్న గదికీ వసారాకీ మధ్య తెర ఒక్కటే అడ్డం. విజయకుమారి కోళ్లని గంప కింద మూసి, మొగుణ్ణి వీధి అరుగు మీదకు పంపి, చిన్న టేపురికార్డరును స్టూలు మీద పెట్టింది. సరిగ్గా మధ్యన పెట్టి వింటే టేపులో సత్యానందం గొంతు అందర్నీ మింగేస్తోంది. ఆడవాళ్ల స్పీకరువైపు ఒక జానెడు జరిపాక రెండు పక్కలూ సమంగా కుదిరాయి. అప్పుడు రికార్డు మీట నొక్కింది.

మొదటి చరణం, రెండో చరణం చక్కగా సాగాయి. మూడో చరణం దగ్గర మగవాళ్లు పాత ముక్కనే ఇంకా లాగుతున్నారు. వాళ్లకోసం ఆడవాళ్లు ఆగారు. ఆ రోజు గుడిలో అలా ఆగింది విజయకుమారే.

ఆ ఖాళీలోకి తెర వెనకనుంచి ఒక గొంతు వచ్చింది. జీరగా, వాడక చాలా రోజులైనట్టుగా, కానీ సరిగ్గా తాళం మీద. టేపులో ఉన్నవాళ్లకంటే ముందుగా ఎత్తుకుని, దానమ్మ మూడో చరణం పాడేస్తోంది.

"పాడైపోతందండీ వదినగారూ," పాపారావు గుసగుసగా అని మీట మీదకు చెయ్యి చాపాడు. "ఆపి మొదట్నుంచీ పెడదాం."

విజయకుమారి అతని చెయ్యి పట్టుకుంది. పాట ఆఖరుదాకా వదల్లేదు. టేపు ఆపిన చప్పుడు వినగానే గదిలోంచి పిలుపు వచ్చింది.

"అమ్మాయ్."

ఆమె తెర పక్కకు తీసింది. దానమ్మ గోడవైపు లేదు, గుమ్మంకేసి తిరిగి ఉంది. పాటకి కాస్త ఆయాసపడుతోంది.

"మూడో చరణం కాడ మగాళ్ల కోసం ఆగేవేంటి? వాళ్ల దారిన వాళ్లు వస్తారు. నువ్వు ఎత్తేసుకోవాలి."

"ఆయ్, అత్తయ్యగారూ."

"ఊరికే ఆయ్ అనకు. ఆదివారం మళ్లీ ఆగుతావు. ఏదీ, అక్కణ్ణుంచి పాడు, వింటాను."

విజయకుమారి చేతులు కొంగుకి తుడుచుకుని మంచం పట్టె మీద కూర్చుంది. గొంతు సవరించుకుని, ఆగకుండా ఎత్తుకుంది.