చివర చూడని వదిన

ఆ ఇద్దరు వియ్యపురాళ్ళూ కలిసి చూసిన సినిమాలు చాలానే ఉన్నాయి గానీ, ఏ సినిమానీ ఇద్దరిలో ఒక్కరైనా పూర్తిగా చూసింది లేదు.

అబ్బాయి తల్లిది ఇస్త్రీ కొట్టు. ఆదివారం మధ్యాహ్నం దాకా బట్టలు తీసుకెళ్ళేవాళ్ళు వస్తూనే ఉంటారు. ఆఖరి చొక్కా మడతపెట్టి ఇచ్చాక కూడా ఆవిడ కొట్టు మూయదు. ఇస్త్రీపెట్టెను నిలబెట్టి, అడుగున తడివేలు ఆనించి చూస్తుంది. చుయ్‌మంటే మళ్ళీ కూర్చుంటుంది. ప్లగ్గు పీకేశాక ఇంకేం భయమమ్మా అని పక్క కొట్లవాళ్ళు నవ్వుతారు. "బట్టలు మనవి కావు కదయ్యా" అంటుంది. పెట్టె చల్లారి, ఆవిడ హాలు చేరేసరికి తెరమీద సగం పెళ్ళిళ్ళు, సగం తగాదాలు అయిపోయి ఉంటాయి.

అమ్మాయి తల్లిది బేకరీ. సాయంత్రం బన్నులకు పిండి కలిపి, తడిగుడ్డ కప్పి సినిమాకు వస్తుంది. పొంగు మీదికి రాకముందే వెనక్కి వెళ్ళాలి. వేసవిలో పిండికి తొందరెక్కువ. కథ మంచి పట్టులో ఉండగా సంచి చంకన పెట్టుకుని, "చివర నువ్వు చూసి చెప్పు వదినా" అని చెవిలో ఊది, వెనక వరుసలవాళ్ళు సణుగుతుంటే వంగి వంగి వెళ్ళిపోతుంది.

అందుకని మొదలు చెప్పడం బేకరీ ఆవిడ వంతు, చివర చెప్పడం ఇస్త్రీ ఆవిడ వంతు. మొదలు చీకట్లో గుసగుసగా చేరేది. చివర మాత్రం మర్నాడు పొద్దున్న, ఉతికి ఇస్త్రీ చేసిన ఏప్రాన్ల కట్టతో పాటు బేకరీకి చేరేది. హాల్లో టార్చి చూపించే ముసలాయన వాళ్ళను చూసినప్పుడల్లా, "మీ ఇద్దరికీ కలిపి ఒక టిక్కెట్టు చాలు కదమ్మా" అనేవాడు.

పిల్లల పెళ్ళైన కొత్తలో ఒకరినొకరు "వదినగారూ, మీరు" అనుకునేవారు. ఒక సినిమాలో దయ్యం తలుపు తోసుకుని వచ్చినప్పుడు బేకరీ ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని, పక్కావిడ చేతిలో గోళ్ళు దింపి, "వదినా, నువ్వు చూడు, పోయిందేమో" అంది. ఆ దెబ్బతో గారూ పోయింది, మీరూ పోయింది. దయ్యం మాత్రం సినిమా అయ్యేదాకా ఉంది. ఆ పిలుపులు విని వీధంతా కూడా వాళ్ళను ఇస్త్రీ వదిన, బేకరీ వదిన అనడం మొదలుపెట్టింది.

కొడుకు పెళ్ళితో కోడలు వచ్చిందని అందరూ అనుకున్నారు. ఇస్త్రీ వదినకు మాత్రం వదిన వచ్చింది. ఆయన పోయాక, ఆ మాటకొస్తే ఆయన ఉన్నప్పుడు కూడా, ఆవిడ ఇన్ని కబుర్లు చెప్పుకున్న మనిషి ఇంకొకరు లేరు.

ఈ వేసవి మొదట్లో కోడలు పెట్టె సర్దుకుని బేకరీ మేడమీద పుట్టింటికి వెళ్ళిపోయింది.

కొడుకు ఏసీలు బాగుచేస్తాడు. ఎండాకాలమంతా డాబాల మీదే ఉంటాడు. ఊరందరి గదులూ చల్లబరిచి, ఇంటికొచ్చి గోడకేసి తిరిగి పడుకుంటాడు. తిట్టడు, కొట్టడు, తాగడు. మాట్లాడడు కూడా. కోడలికి కళ్ళజోళ్ళ దుకాణంలో పని. వెళ్ళేముందు ఇస్త్రీ కొట్టుకొచ్చి, చెప్పే వెళ్ళింది.

"మీ అబ్బాయి మంచివాడే అత్తయ్యా. కాకపోతే ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నట్టుంటుంది. ఒక్కదాన్నే ఉండేట్టయితే అమ్మ దగ్గర ఉంటాను. కనీసం బేకరీ గంట మోగుతుంటుంది."

అత్తగారికి ఎదురు చెప్పడానికి నోరు రాలేదు. వాడి నాన్నా అంతే. ఆవిడ ఆ గోడతోనే కాపురం చేసింది.

తరవాత ఆదివారం హాల్లో బేకరీ వదిన ముందే చెప్పేసింది. "వాళ్ళ సంగతి వాళ్ళు చూసుకుంటారు. మనం వాళ్ళ మాట ఎత్తొద్దు. సినిమా మాటే మాట్లాడుకుందాం." ఇస్త్రీ వదిన సరేనంది. పిల్లలు తెగతెంపులు చేసుకుంటే తామిద్దరూ ఒకరికొకరు ఏమవుతారన్నది మాత్రం ఇద్దరూ పైకి అనలేదు.

మాట ఎత్తలేదు గానీ, అది ఊరుకుంటుందా. ఆ వారం సినిమాలో ఒకడు పెళ్ళానికి చెప్పకుండా సముద్రం మీదికి వెళ్ళాడు.

"ఫలానా చోటికి వెళ్తున్నానని చెబితే నోరు అరిగిపోతుందా వాడికి?" అంది బేకరీ వదిన.

"పడవ కదిలిపోతుంటే ఏం చెబుతాడు పాపం."

"పెళ్ళి ముందు పడవలు లేవా? అప్పుడు కబుర్లు బాగానే చెప్పాడుగా."

"ఆ అమ్మాయి మాత్రం ఒడ్డున మూతి ముడుచుకుని నిలబడకపోతే, ఒక కేక వెయ్యొచ్చుగా."

"కేకలు వేసీ వేసీ గొంతు పోయిందేమో."

వెనకనుంచి ఎవరో, "అమ్మా, ఆ పడవ సంగతి ఇంటికెళ్ళి తేల్చుకోండి" అన్నారు. ఇద్దరూ నోరు మూసుకున్నారు. కాసేపటికి బేకరీ వదిన పాప్‌కార్న్ పొట్లం పక్కకు జరిపింది. ఇస్త్రీ వదిన అందులో చెయ్యి పెట్టింది. అంతటితో ఆ పడవ ఒడ్డుకు చేరింది.

ఆ పై వారం కుక్క సినిమా. అందరికంటే కుక్కే బాగా చేసిందని ఇద్దరూ ఒప్పుకున్నారు. వేసవంతా అలాంటి సినిమాలే వస్తే బాగుండుననిపించింది ఇస్త్రీ వదినకు.

రైలు సినిమా వచ్చింది.

మొగుడూ పెళ్ళాల కథ. ఇద్దరూ చెడ్డవాళ్ళు కారు. అదే వచ్చిన చిక్కు. భార్య స్టేషన్‌కు బయలుదేరుతుండగా బేకరీ వదిన లేచి వెళ్ళిపోయింది. చివర ఇస్త్రీ వదిన ఒక్కతే చూసింది. అమ్మాయి రైలెక్కింది. వాడు ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాడు. కిటికీలోంచి ఆ అమ్మాయి చూసింది. రైలు వెళ్ళిపోయింది. దీపాలు వెలిగాక కూడా ఇస్త్రీ వదిన కుర్చీలోంచి లేవలేదు. టార్చి ఆయన దగ్గరికొచ్చి, "సినిమా అయిపోయిందమ్మా" అని మెల్లగా చెప్పాడు.

మర్నాడు ఏప్రాన్ల కట్ట తీసుకుని బేకరీకి వెళ్ళింది. బేకరీ వదిన చేతులు మోచేతుల దాకా పిండిలో ఉన్నాయి. కోడలు దుకాణానికి వెళ్ళేముందు అమ్మకు సాయంగా బన్నులు అద్దాల బీరువాలో సర్దుతోంది.

"చెప్పు వదినా, చివరికి ఏమైంది? రాత్రి నిద్ర పట్టలేదనుకో. ఎక్కిందా?"

"ఎక్కింది" అంది ఇస్త్రీ వదిన.

బన్ను పట్టుకున్న కోడలి చెయ్యి బీరువాలో అలాగే ఆగిపోయింది. అది చూసింది ఇస్త్రీ వదిన. చూడకపోతే నిజమే చెప్పేది.

"ఎక్కింది గానీ, రైలు కదలగానే దిగేసింది."

"దిగేసిందా?"

"ఆఁ. వాడు పరుగెత్తుకుంటూ వచ్చాడు."

"వచ్చి? ఏమన్నాడు?"

వాడికి మాటలు పెట్టడం ఇస్త్రీ వదినకు చేతకాలేదు. అలాంటివాళ్ళు ఏమంటారో ఆవిడెప్పుడూ వినలేదు. "ఏమీ అనలేదు. ఆ అమ్మాయి చేతిలో సంచి అందుకున్నాడు. ఇద్దరూ నడిచి వెళ్ళిపోయారు."

కోడలు బన్ను లోపల పెట్టి, బీరువా అద్దం మూసింది. ఇస్త్రీ వదిన కొట్టుకు తిరిగి వస్తూ, అబద్ధం చెప్పినట్టు అనుకోలేదు. నలిగిన బట్టను సాపు చేసినట్టే అనుకుంది.

ఆ వారం మధ్యలో మళ్ళీ కట్ట పట్టుకెళ్తే, బేకరీ వదిన తలెత్తకుండా అంది, "అక్కడ పెట్టండి, వదినగారూ."

ఇస్త్రీ వదిన కట్ట చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"ఏమైంది వదినా?"

"ఏమవుతుందండీ. బ్రెడ్డుకొచ్చినవాళ్ళు రైలు సినిమా మాట తీస్తే, అమ్మాయి దిగేసిందిగా అని మహా గొప్పగా చెప్పాను. మీరు వేరే సినిమా చూసినట్టున్నారమ్మా అని బేకరీ బేకరీ అంతా నవ్వింది. అదైనా పోనివ్వండి. నవ్వితే నవ్వారు. మా అమ్మాయి పని మానుకుని మరీ ఆ సినిమాకు వెళ్ళింది. ఆ దిగడం చూద్దామని. ఒక్కతే కూర్చుని, ఆ రైలు వెళ్ళిపోయేదాకా చూసి వచ్చింది." పిండి ముద్దను బల్లమీద దబ్బున వేసింది. "నా కూతురికి గాలం వేస్తున్నారని తెలిస్తే, నేను చివర అడిగేదాన్నే కాదు."

"గాలం కాదు వదినా. నాకలా దిగితే బాగుండుననిపించింది."

"మీకనిపిస్తే రైళ్ళు ఆగుతాయా?"

ఇస్త్రీ వదిన మాసిన ఏప్రాన్లు తీసుకుని వచ్చేసింది. దారంతా "అండీ" అన్న మాటే చెవుల్లో గింగురుమంది.

ఆ ఆదివారం బేకరీ వదిన హాలుకు రాలేదు. మొదలు చెప్పే మనిషి లేక ఇస్త్రీ వదినకు తెరమీద ఎవరు ఎవరికేమవుతారో అంతు పట్టలేదు. ఇంటర్వెల్‌లోనే వచ్చేసింది.

ఇంటికొచ్చేసరికి కొడుకు గుమ్మం దగ్గర బూట్లు విప్పుతున్నాడు. గోడకేసి తిరగలేదు. తల్లి పక్కన కూర్చున్నాడు.

"రైలు సినిమాలో అమ్మాయి దిగిందని చెప్పావటగా."

"నీకెవరు చెప్పార్రా?"

"తనే. సినిమా చూసి బయటికొచ్చి ఫోన్ చేసింది. 'మీ అమ్మ కథలో కూడా నువ్వేమీ మాట్లాడలేదు' అంది." నవ్వాడు. ఆ నవ్వు చూసి ఎంత కాలమైందో. "తరవాత చాలాసేపు మాట్లాడుకున్నామమ్మా. మూడురోజులుగా మాట్లాడుకుంటూనే ఉన్నాం. నువ్వు నమ్మవు, ఎక్కువగా నేనే మాట్లాడాను."

తల్లి వాడివైపు జరిగింది.

"విడిపోదామనే అనుకున్నాం."

ఆవిడ వాడి చెయ్యి పట్టుకుంది. స్క్రూడ్రైవర్ పట్టీ పట్టీ కాయలు కాసిన చెయ్యి.

"కోపాలేం లేవు. ఇంత మాట్లాడుకుంటే గానీ, ఇద్దరం ఒంటరిగానే ఉన్నామని తెలియలేదు. ఆలస్యమైపోయింది, అంతే. తను ఏడ్చింది. నేనూ ఏడ్చాననుకో." విప్పిన బూట్లు పక్కకు జరిపి, "నీ గురించి అడిగింది. అత్తయ్య మీద వాళ్ళమ్మ కోపం ఎలా పోగొట్టాలో తెలియట్లేదంది" అన్నాడు.

ఇంకా అత్తయ్య అనే అందా అని అడగబోయి ఊరుకుంది ఇస్త్రీ వదిన.

ఆ వారమంతా ఏప్రాన్లు పంపించింది గానీ, తను వెళ్ళలేదు. ఏ ముఖం పెట్టుకుని వెళ్తుంది? వియ్యపురాలిగానా? బట్టలు ఉతికే మనిషిగానా? చొక్కాల మీద పెట్టె తోస్తూ తోస్తూ ఆవిడకు ఒకటే తోచింది. తను చేసిన తప్పు చివరలో ఉంది. దిద్దుకోవడం మొదటినుంచి మొదలుపెట్టాలి.

ఆదివారం పొద్దున్నే ఇస్త్రీ ఆపేసింది. బట్టల కోసం వచ్చినవాళ్ళను మర్నాడు రమ్మంది. వాళ్ళు వింతగా చూశారు. పెట్టె చల్లారింది, తాళం పడింది. హాలుకు వెళ్ళేసరికి లోపల ఇంకా దీపాలు వెలుగుతున్నాయి. టార్చి ఆయన తన చేతిగడియారం వంక చూసుకున్నాడు.

"నా గడియారమేమైనా ఆగిపోయిందా అమ్మా?"

"నీ గడియారానికేం, బాగానే ఉంది. రెండు టిక్కెట్లు తీసుకున్నాను. ఆవిడొస్తే ఇటు పంపించు."

పక్క కుర్చీలో సంచి పెట్టుకుని కూర్చుంది. సినిమాకు ముందు పళ్ళపొడి గురించి అంతసేపు చెబుతారని గానీ, అన్ని పేర్లు పడతాయని గానీ ఆవిడకు తెలియదు. దొంగల సినిమా అది. ముగ్గురు దొంగలు బ్యాంకు దోచుకుని బయటికొస్తే, వాళ్ళ కారు కదలదు. హాలంతా నవ్వుతోంది. ఆవిడ తలుపు వంక చూస్తోంది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఎవరో ఒకరు. ఇంటర్వెల్ అయింది. పక్క కుర్చీ ఖాళీ ఉందా అని ఒకాయన అడిగాడు. "లేదు, మా వదిన వస్తుంది" అంది. తీరా అనేశాక, వదిన అన్న మాట ఇంకా తనదో కాదో అనుమానం వేసింది.

మళ్ళీ చీకటి పడ్డాక టార్చి వెలుగు వరుస వెంట పాకుతూ వచ్చి ఆవిడ సంచి మీద ఆగింది. వెలుగు వెనక, మోచేతుల దాకా పిండి మరకలతో బేకరీ వదిన.

"సంచి తియ్యి. జరుగు, వదినా."

ఇస్త్రీ వదిన సంచి తీసింది. జరిగింది. కళ్ళలో నీళ్ళకు తెర అంతా అలుక్కుపోయింది.

"పిండి?" అంది, ఇంకేం అడగాలో తోచక.

"అమ్మాయి చూసుకుంటానంది. నువ్వెళ్ళమ్మా, ఆవిడ ఒక్కతే కూర్చుని ఉంటుంది అని మెడబట్టి గెంటింది. ఈసారి చివర నేనే చూస్తాను. నిన్ను నమ్ముకుంటే ఆ దొంగలు డబ్బు తిరిగిచ్చేశారని చెబుతావు."

"ఇచ్చేస్తే తప్పేముంది?"

"అదిగో మళ్ళీ." చీకట్లో ఆవిడ చెయ్యి వచ్చి ఈవిడ చేతిమీద పడింది. పిండి ఇంకా ఆరలేదు, జిగురుగా ఉంది. "సరేలే. మొదలేమైందో చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పాలి."

ఇస్త్రీ వదిన చెప్పింది. కారు ఎలా మొరాయించిందో, పోలీసులే దిగి దాన్ని ఎలా తోశారో, ఒక్క ముక్క వదలకుండా చెప్పింది. బేకరీ వదిన కిసుక్కున నవ్వింది. నవ్వి, నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"పోలీసులే తోశారా? నిజంగానా?"

"ఒట్టు. నేనేం కల్పించలేదు."

కొంచెంసేపు ఇద్దరూ తెర వంక చూశారు. తరవాత ఇస్త్రీ వదిన మెల్లగా, "వాళ్ళ మాట ఇప్పుడు ఎత్తొచ్చా?" అంది.

"ఎత్తుదువు గానీ. ఇది చివరిదాకా చూడనీ" అంది బేకరీ వదిన, చెయ్యి తియ్యకుండా.