జిగురు జబ్బు

పాత పుస్తకాలకి కొత్త అట్టలు వేసే ఆయన్ని వీధిలో అందరూ బైండరుగారనే పిలిచేవారు. యాభై నాలుగో ఏట ఆయన పొట్ట చప్పుళ్ళు చెయ్యడం మొదలుపెట్టింది. అవి మామూలు చప్పుళ్ళు కావు. ఒకరోజు చిరిగిన సంపుటాలు తీసుకోవడానికి లైబ్రరీకి వెళ్ళి నిలబడితే, చదువుకుంటున్నవాళ్ళు నలుగురు తలలెత్తి చూశారు. లైబ్రేరియన్ గోడ మీది ‘నిశ్శబ్దం’ బోర్డు వైపు వేలు చూపించింది.

“నేనేం మాట్లాడలేదండీ” అన్నారాయన. ఆ మాట పూర్తయ్యేలోపే పొట్ట ఇంకోసారి గుర్రుమంది.

చప్పుళ్ళతో పోతే బాగుండేది. పొట్ట డోలులా ఉబ్బేది, చేతులూ కాళ్ళూ మాత్రం పుల్లల్లా అయిపోయాయి. తిన్నది ఒంటికి పట్టేది కాదు. పది మెట్లెక్కితే ఆయాసం. రక్తం తక్కువగా ఉందని మాత్రలిచ్చారు. సీసాలకి సీసాలు ఖాళీ అయ్యాయి గాని రక్తం పెరగలేదు. ఆఖరికి ఒక డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి, నోట్లోంచి గొట్టం వేయించి చిన్నపేగు ముక్క తీయించి, ఇది సీలియాక్ అని తేల్చింది.

“గోధుమల్లో, బార్లీలో గ్లూటెన్ అని ఒకటి ఉంటుంది” అని చెప్పిందావిడ. “అది లోపలికి వెళ్ళగానే, మీ ఒంటిని కాపాడాల్సిన కాపలా కాస్తా మతిపోయినట్టు మీ పేగునే చితకబాదుతోంది. చిన్నపేగు లోపల తువ్వాలుకి ఉన్నట్టు నూగు ఉంటుంది. తిన్నదాంట్లో సారం పీల్చుకునేది ఆ నూగే. మీది అరిగి అరిగి నున్నగా అయిపోయింది. ఇంక ఎంత తింటే మాత్రం ఏం లాభం?”

“మందేంటండీ?” అని అడిగింది బైండరుగారి భార్య.

“మాత్రలేం లేవమ్మా. గ్లూటెన్ మానెయ్యడమే మందు. బతికున్నంతకాలం. ఒక్క నలుసు కూడా లోపలికి పోకూడదు. మానేస్తే నూగు మళ్ళీ మొలుస్తుంది.”

“అసలు గ్లూటెన్ అంటే అర్థమేంటండీ?” అన్నారు బైండరుగారు. ఆయనకి కొత్త మాట వినబడితే వదిలిపెట్టే అలవాటు లేదు.

“లాటిన్‌లో జిగురు అని అర్థం.”

“విన్నావా, మన సరుకే” అని భార్యవైపు కాస్త గర్వంగా చూశారాయన. ముగ్గురూ నవ్వుకున్నారు. అంతకుమించి ఆ గదిలో ఎవరికీ ఏమీ తట్టలేదు.

ఇంటికి రాగానే భార్య కొంగు దోపి వంటింటి మీద పడింది. బ్రెడ్డూ, కేకూ, నూడుల్సూ బయటికి నడిచాయి. బ్రెడ్డు కాల్చే మిషన్ని గోధుమ అంటిన పాపానికి పక్కింటివాళ్ళకి ఇచ్చేసింది. సోయాసాస్ సీసా మీది చీమతలకాయలంత అక్షరాలు భూతద్దం పెట్టి చదివి, దాన్ని కూడా గెంటేసింది. బిస్కెట్ డబ్బాలన్నీ పైవాటాలో ఉండే తన తమ్ముడి పాలయ్యాయి. అతను త్యాగం చేస్తున్న మొహంతో పుచ్చుకున్నాడు.

నాలుగు నెలలు బైండరుగారు అన్నం, కూర, పెరుగు, పళ్ళు తప్ప ఏదీ ముట్టలేదు. మళ్ళీ రక్తం తీశారు. డాక్టరమ్మ కాగితం చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది.

“గ్లూటెన్ మానేస్తే దిగాల్సిన అంకె ఇది, కదల్లేదు. ఎక్కడో తింటున్నారు మీరు.”

“లేదండీ.”

“తింటున్నారు.”

ఇంటి గుమ్మం దగ్గర భార్య ఆగి, “క్రీము బిస్కెట్లా?” అంది నెమ్మదిగా. ముప్పై ఏళ్ళ కాపురంలో బైండరుగారి మీద పడ్డ మొదటి నింద అది. అదీ ఒక బిస్కెట్ గురించి.

కేసు తమ్ముడి చేతికి వచ్చింది. అతను రైళ్ళలో ఇరవై అయిదేళ్ళు టికెట్లు తనిఖీ చేసి ముందుగానే రిటైరైనవాడు. మనుషుల్ని నమ్మడం ఎప్పుడో మానేశాడు.

“అక్కా, ఎవడో టికెట్ లేకుండా బావ లోపలికి ఎక్కుతున్నాడు. నాకు వదిలెయ్” అన్నాడు.

బావ చొక్కా జేబులు తిరగేస్తే అట్టపొట్టు రాలింది. దాన్ని కాగితంలో పొట్లం కట్టి, సాక్ష్యమని అట్టేపెట్టాడు. మర్నాడు పొద్దున్నే నోటుబుక్కు పట్టుకుని వెళ్ళి బైండింగ్ కొట్టులో స్టూలు మీద కూర్చున్నాడు. బైండరుగారు అతన్ని పట్టించుకోకుండా పని చేసుకున్నారు. దబ్బనంతో కాగితాలు కుట్టారు, పుస్తకం వెన్నుకి బ్రష్షుతో జిగురు పూశారు, పేజీలు వరసలో ఉన్నాయో లేదో చూసుకుంటూ ఒక్కొక్కటీ తిప్పారు. తిప్పేముందు ప్రతిసారీ చూపుడువేలు నాలుక మీద తడి చేసుకున్నారు. వాళ్ళ నాన్న అలాగే తిప్పేవాడు.

మధ్యాహ్నం భార్య క్యారియరు తీసుకొచ్చేసరికి తమ్ముడు లేచి నిలబడ్డాడు.

“బావ నిర్దోషి. పొద్దున్నించి రెండు గ్లాసుల మంచినీళ్ళు తప్ప నోట్లో ఏదీ పడలేదు. వేలు మాత్రం నాకుతున్నాడు. రెండొందల పద్నాలుగుసార్లు. దానికేముందిలే.”

“ఏ వేలు?”

“జిగురు వేలే. పేజీలు తిప్పడానికి.”

భార్య చూపు బల్ల మీది గిన్నె మీద ఆగింది. మైదాపిండి ఉడికించి చేసిన జిగురు, తెల్లగా, చిక్కగా, అంచుల దాకా. ఇంట్లోంచి వెళ్ళగొట్టిన అయిదు కిలోల మైదాని పారబొయ్యడానికి మనసొప్పక, జిగురుకి పనికొస్తుందని కొట్టుకి మోసుకొచ్చింది తనే.

ఆవిడ క్యారియరు కింద పెట్టింది. “క్రీము బిస్కెట్ అన్నాను మిమ్మల్ని” అంది.

బైండరుగారు తన వేలిని పైకెత్తి, అది తనది కానట్టు చూశారు. తర్వాత, కంగారులో ఉన్నారేమో, దాన్ని నాకారు.

అక్కణ్ణించి ఆ వేలిని దారిలో పెట్టడం ఇంటిల్లిపాదికీ పనైంది. ముందు తడి స్పాంజి పెట్టారు. ఆయన వేలిని స్పాంజి మీద అద్ది, అలవాటుకొద్దీ నాలుక మీద కూడా అద్దేవారు. వేలికి రబ్బరు తొడుగు వేస్తే తొడుగుని నాకారు. చంటిపిల్లలు వేలు చీకకుండా రాసే చేదుమందు పూస్తే, మొదటిరోజు మొహం చిట్లించుకుని, నాలుగోరోజుకి “దీంతో ఆకలి బాగా వేస్తోందే” అన్నారు. మూతికి మాస్కు కడితే సాయంత్రానికి దాని మధ్యలో వేలిముద్ర అట్టకట్టి, తాళపత్రానికి సీలు వేసినట్టుండేది. అయితేనేం, వేలు లోపలికి పోలేదు.

ఇదంతా విని డాక్టరమ్మ నవ్వాపుకోలేకపోయింది. “మనిషిని మార్చడానికి ఇంత అవస్థ పడుతున్నారు, జిగురు మార్చకూడదూ?”

ఇద్దరు మగవాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“మైదాకి ఉన్న పట్టు దేనికీ రాదండీ” అన్నారు బైండరుగారు, నొచ్చుకుంటూ.

అయినా గ్లూటెన్ లేని కర్రపెండలం పిండి తెచ్చి, నీళ్ళలో కలిపి ఉడికించారు. గాజులా మెరిసే జిగురొచ్చింది. ముందుగా ఇంట్లో ఉన్న లావుపాటి నిఘంటువుకి దాంతో అట్ట వేసి, రెండ్రోజులు బరువు కింద పెట్టారు. బావమరిది దాన్ని అట్ట పట్టుకుని గాల్లో ఊపి చూశాడు. ఊడలేదు. ఇంకా గట్టిగా ఊపాడు. అది తగిలి కిటికీ రెక్క ఊడింది గాని అట్ట ఊడలేదు.

“పాస్” అన్నాడు.

చేతికొచ్చే పాత పుస్తకాల్లో ఎప్పటి మైదానో ఎండి పొడిగా రాలుతూ ఉంటుంది కాబట్టి మాస్కు తియ్యొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆయన తియ్యలేదు.

ఆర్నెల్లకి అంకె సగానికి దిగింది. ఏడాదికి మామూలుకొచ్చింది. ఒళ్ళు అయిదు కిలోలు పెరిగింది, రక్తం పెరిగింది. ఆ రిపోర్టు పట్టుకుని ఇంటికొచ్చాక బైండరుగారు తన రిపోర్టులన్నీ తేదీల వరసన పేర్చి, కుట్టి, ఎర్ర గుడ్డ అట్ట వేసి, వెన్ను మీద బంగారు అక్షరాలతో ‘పేగు’ అని అచ్చు కొట్టి అల్మారాలో నిలబెట్టారు. వెనక పన్నెండు ఖాళీ కాగితాలు కనబడితే ఇవెందుకని అడిగింది భార్య.

“డాక్టరమ్మ ఏడాదికోసారి పరీక్ష చేయించుకోమందిగా” అన్నారాయన. “అతికించడానికి చోటుండాలి.”